శత్రువు క్యాంపులో ఖైదీగా పడితే ప్రాణాలతో బయటపడటం ఎలా

ముందే ఒక మాట చెప్పేస్తా, సినిమాల్లో చూపించినట్టు గార్డు మెడ విరిచేసి తుపాకీ లాక్కుని ఫెన్సింగ్ దూకేసే వ్యవహారం ఇందులో ఏమీ ఉండదు. యుద్ధఖైదీలుగా ఏళ్ళకేళ్ళు మగ్గి ఇంటికొచ్చినవాళ్ళు చెప్పినవీ, క్యాంపుల్లో వాళ్ళకి వైద్యం చేసిన డాక్టర్లు రాసిపెట్టుకున్నవీ చదువుతూ పోతే ఏ దేశం వాళ్ళ దగ్గరైనా తిరిగి తిరిగి అవే సంగతులు కనబడతాయి, అవి ఒకచోట పెడుతున్నా అంతే. ఫౌజులోకి వెళ్దామనుకునే కుర్రాళ్ళకీ, ఇప్పటికే సర్వీసులో ఉన్నవాళ్ళ ఇంట్లోవాళ్ళకీ పనికొస్తుంది. నాకు అర్థమైంది ఏంటంటే, ఒంట్లో ఎంత బలముందన్నదాని కన్నా పక్కన ఎవడున్నాడన్నదాని మీదే బతకడం ఎక్కువ ఆధారపడింది. కింద రాసినవన్నీ చివరికి అక్కడికే వస్తాయి.

ఇంకో నిజం కూడా ఉంది, ఎవరి చేతికి చిక్కారన్నదే సగం తలరాత. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, ఇటలీ చేతుల్లో పడ్డ బ్రిటిష్, అమెరికన్ ఖైదీల్లో నూటికి నలుగురు చనిపోతే, జపాన్ చేతుల్లో పడ్డ పాశ్చాత్య ఖైదీల్లో నూటికి 27 మంది పోయారు, యుద్ధం అయ్యాక టోక్యోలో జరిగిన విచారణలో తేలిన లెక్క ఇది. అదే జర్మనీ చేతికి చిక్కిన సోవియట్ సైనికులు దాదాపు 57 లక్షలైతే అందులో 33 లక్షల దాకా చచ్చిపోయారు, తిండి పెట్టకుండా, చలికి బయట పడేసి చంపారు, అక్కడ ఎవరి తెలివీ ఎక్కువ దూరం పనిచెయ్యలేదు. కాబట్టి ఇవన్నీ పాటిస్తే గ్యారంటీగా బతుకుతారని నేను అనను. ఛాన్స్ అంటూ ఉన్నచోట దాన్ని చేతులారా పోగొట్టుకోకుండా ఉండటం వరకే.

పట్టుబడ్డ మొదటి నిమిషాలు

ప్రాణానికి బాగా రిస్క్ ఉండే టైం ఇదే. అప్పటిదాకా మీరు వాళ్ళ మీద కాల్పులు జరిపుంటారు, బాంబులేసుంటారు, వాళ్ళ స్నేహితుడెవడో పక్కనే చచ్చిపడుంటాడు, ఆ కోపంలో ఉన్నవాడి ముందు చేతులు కనబడేలా పెట్టి, ఉన్నట్టుండి జేబులోకి చెయ్యి పోనివ్వకుండా, గుడ్లురిమి చూడకుండా, చెప్పింది నిదానంగా చెయ్యాలి. ఊరి జనం చేతిలో పడితే ఇంకా ప్రమాదం, వీలైనంత తొందరగా యూనిఫాంలో ఉన్న ఆఫీసర్ చేతికి వెళ్ళడమే మేలు. 2019 ఫిబ్రవరి 27న వింగ్ కమాండర్ అభినందన్ వర్థమాన్ విమానం కూలి అవతలి వైపు దిగినప్పుడు జరిగింది గుర్తుందిగా, ముందు జనం కొట్టారు, తర్వాత పాకిస్తాన్ సైనికులొచ్చి తీసుకెళ్ళారు, ఆ గొడవ మధ్యలో కూడా తన దగ్గరున్న కాగితాలు మింగెయ్యడానికి ప్రయత్నించాడని వార్తలొచ్చాయి.

అసలు జేబులో ఏముందో చూసుకోవాల్సింది బయల్దేరే ముందే. పర్సులో భార్యాపిల్లల ఫోటో, పాత బస్ టికెట్, యూనిట్ పేరున్న ఏదో చీటీ, ఫోన్, ఇవన్నీ రేపు ఇంటరాగేషన్ గదిలో మీ ముందు టేబుల్ మీద ఉంటాయి. ఇప్పటి రోజుల్లో అయితే అవతలివాడు మీ సోషల్ మీడియా అకౌంట్ తెరిచి కూర్చుంటాడు, పెళ్ళి ఫోటోల్లో ఉన్నవాళ్ళందరి పేర్లూ వాడికి పది నిమిషాల పని.

బూట్లు, కంచం లేదా డబ్బా, చెంచా, నీళ్ళ బాటిల్, దుప్పటి. వాళ్ళు లాక్కోకుండా ఉంటే ఈ ఐదూ ప్రాణంతో సమానంగా దాచుకోండి, ముఖ్యంగా బూట్లు. యూనిఫాం తీసి మామూలు బట్టలేసుకుంటే తప్పించుకోవచ్చనిపిస్తుంది గానీ, ఆ బట్టల్లో దొరికితే గూఢచారి అనే ముద్ర వేసే ఛాన్స్ ఉంది, ఆలోచించి చెయ్యండి.

తర్వాత చెయ్యాల్సిన పెద్ద పని మీ పేరు రికార్డులోకి ఎక్కేలా చూసుకోవడం. యుద్ధఖైదీల కోసం దేశాలు చేసుకున్న 1949 మూడో జెనీవా ఒప్పందం ప్రకారం క్యాంపుకి చేరిన వారం లోపు ప్రతి ఖైదీకీ ఇంటికీ, రెడ్‌క్రాస్ సెంట్రల్ ఏజెన్సీకీ ఒక కార్డు రాసుకునే హక్కుంది. పేరు బయటికెళ్ళిన మనిషిని గుట్టుచప్పుడు కాకుండా మాయం చెయ్యడం కష్టం. అందుకే తోటి ఖైదీలు ఎవరు కనబడినా మొదట మీ పేరు, నంబర్ చెప్పండి, వాళ్ళవి గుర్తుపెట్టుకోండి, రేపు వాళ్ళలో ఏ ఒక్కడు విడుదలైనా మీరు బతికే ఉన్నారన్న కబురు మీ ఇంటికి చేరుతుంది.

అడిగినప్పుడు ఏం చెప్పాలి

రూల్ ప్రకారం చెప్పి తీరాల్సినవి నాలుగే, పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సర్వీస్ నంబర్. అభినందన్‌ని ఏ విమానం నడిపావని వీడియోలో అడిగితే సారీ, అది చెప్పకూడదు అన్నాడు చూడండి, గొంతు పెంచలేదు, పౌరుషం డైలాగులు కొట్టలేదు, మర్యాదగానే చెప్పి ఊరుకున్నాడు. అదీ పద్ధతి.

కొట్టేవాడి కన్నా టీ ఇచ్చేవాడితో జాగ్రత్త. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఎయిర్‌ఫోర్స్‌కి హాన్స్ షార్ఫ్ అని ఒక ఇంటరాగేటర్ ఉండేవాడు, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఓబెరుర్సెల్‌లో, ఖైదీ మీద చెయ్యి ఎత్తేవాడే కాదట. అడవిలో వాకింగ్‌కి తీసుకెళ్ళి కబుర్లు చెప్పేవాడు, మీ యూనిట్ గురించి నాకు ముందే అంతా తెలుసన్నట్టు మాట్లాడేవాడు, మధ్యలో కావాలనే ఒక తప్పు మాట వదిలితే ఖైదీ తెలియకుండానే కాదు కాదు అని సరిచేసేవాడు, అంతే, అయిపోయింది. వాడి పనితనం ఎంతంటే యుద్ధం అయ్యాక అమెరికా వాళ్ళే పిలిచి అతని చేత లెక్చర్లు చెప్పించుకున్నారు. అందుకే నాలుగు ముక్కలు దాటాక ఏ కబురూ వద్దు, వాతావరణం గురించి కూడా. అవతలివాడు తప్పు చెప్తుంటే తప్పుగానే ఉండనివ్వండి.

మరి చిత్రహింస పెడితే? ఇక్కడ బడాయికి పోకూడదు. వియత్నాం యుద్ధంలో హనోయ్‌లోని ‘హోవా లో’ అనే జైల్లో అమెరికన్ పైలట్లని తాళ్ళతో చేతులు వెనక్కి విరిచి కట్టి హింసించారు, అక్కడ వాళ్ళకి తెలిసొచ్చింది ఏంటంటే ఎంత మొనగాడైనా ఏదో ఒక పాయింట్‌లో విరుగుతాడు. వాళ్ళ సీనియర్ ఆఫీసర్లలో ఒకడైన జేమ్స్ స్టాక్‌డేల్ 1965 సెప్టెంబర్‌లో పట్టుబడి ఏడున్నరేళ్ళు ఉన్నాడు, అందులో నాలుగేళ్ళు ఒంటరి సెల్‌లోనే. వీళ్ళు పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, మతి తప్పకుండా తట్టుకోగలిగినంత సేపు తట్టుకో, తర్వాత పనికిరాని చిన్న ముక్క ఏదన్నా ఇవ్వు, సెల్‌కి తిరిగొచ్చి కాస్త కోలుకున్నాక పక్క సెల్ వాడికి ఏం చెప్పావో దాచకుండా చెప్పు, మళ్ళీ పిలిస్తే మళ్ళీ మొదట్నుంచీ ఎదురు నిలబడు. ఏదో చెప్పేశానన్న సిగ్గుతో మనిషి లోపల్లోపలే కుంగిపోవడం, మిగతావాళ్ళకి మొహం చాటెయ్యడం, ఇదే శత్రువుకి కావాల్సింది. పక్క సెల్ నుంచి నాక్కూడా అలాగే అయింది అన్న కబురు రావడం వాళ్ళని నిలబెట్టింది. నన్నడిగితే మొత్తం ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా విలువైన పాఠం ఇదే.

అబద్ధం చెప్పాలంటే గుర్తుండేంత చిన్న అబద్ధం చెప్పాలి. హనోయ్‌లోనే ఖైదీగా ఉన్న పైలట్ జాన్ మెకెయిన్ తన స్క్వాడ్రన్ వాళ్ళ పేర్లడిగితే ఒక ఫుట్‌బాల్ టీం ప్లేయర్ల పేర్లు చెప్పాడు, అది నడిచిపోయింది. ఇంకో ఇద్దరు మాత్రం బాంబులెయ్యమని ఎదురుతిరిగిన పైలట్లు వీళ్ళేనంటూ కామిక్స్‌లో, టీవీలో ఉండే పాత్రల పేర్లు చెప్పారు, అది ప్రపంచమంతా నవ్వుకునేలా బయటికొచ్చింది, దాని ఫలితం వాళ్ళు తర్వాత ఒంటి మీద అనుభవించారు.

తిండి, నీళ్ళు, రోగాలు

క్యాంపుల్లో తూటాలకి పోయినవాళ్ళ కన్నా విరేచనాలకి పోయినవాళ్ళే చాలా ఎక్కువ. ఇది వినడానికి బాగోదు గానీ దీని గురించే ఎక్కువ రాయాలి.

1942, 43ల్లో జపాన్ వాళ్ళు థాయిలాండ్ నుంచి బర్మాకి అడవిలోంచి 415 కిలోమీటర్ల రైల్వే లైన్ వేయించారు. 60 వేల మందికి పైగా యుద్ధఖైదీలు పనిచేస్తే 12 వేల మంది పైనే చనిపోయారు, అందరికీ తెలిసిన కథ ఇంతవరకే. కానీ అదే లైన్ మీద ఖైదీలు కాని ఆసియా కూలీలు 2 లక్షల దాకా ఉన్నారు, మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్ళిన తమిళులు, మన తెలుగువాళ్ళు కూడా అందులో ఉన్నారు, వాళ్ళలో 90 వేల దాకా పోయారని అంచనా. అదే అడవి, అదే వాన, అదే తిండి, మరి ఇంత తేడా ఎందుకు? సైనికులకి వాళ్ళ డాక్టర్లున్నారు, మాట వినే అలవాటుంది, మరుగుదొడ్డి గుంట ఎక్కడ తవ్వాలో చెప్పేవాడున్నాడు, జబ్బుపడ్డవాణ్ణి పనికి తోలకుండా అడ్డంపడి జపాన్ ఇంజనీరుతో తన్నులు తినే ఆఫీసరున్నాడు. కూలీలకి అదేమీ లేదు, కుటుంబాలతో సహా తీసుకొచ్చి అడవిలో పడేశారు. పక్కన మనిషి, ఒక కట్టుబాటు ఉండటం ఎంత తేడా చేస్తుందో చెప్పడానికి దీన్ని మించిన లెక్క నాకు కనబడలేదు.

ఇప్పుడు పనిలోకి వస్తే, మరగని నీళ్ళు చుక్క కూడా తాగొద్దు, ఎంత దాహమైనా సరే. 1943 వానాకాలంలో అదే లైన్ మీద కలరా వచ్చినప్పుడు బాగా నడిచిన క్యాంపుల్లో రూల్ ఏంటంటే, ప్రతివాడూ తినేముందు తన డబ్బా, చెంచా మరిగే నీళ్ళలో ముంచాలి, నదిలో నోరు కూడా పుక్కిలించకూడదు, ఈగలు వాలిన అన్నం పారెయ్యాలి. పారెయ్యడం అంటే ఆకలితో ఉన్నవాడికి నరకమే, అందుకే ఇది ఒక్కడి ఇష్టానికి వదిలెయ్యకుండా అందరి మీదా రూల్‌గా పెట్టారు. కలరా వచ్చినవాడికి ఉప్పునీళ్ళు ఎక్కించడానికి డాక్టర్లు వెదురు పుల్లని సూదిలా చెక్కి, స్టెతస్కోప్ రబ్బరు గొట్టం తగిలించి, మరిగించిన నీళ్ళలో ఉప్పు కలిపి నరంలోకి ఎక్కించారు, బతికించారు కూడా. విరేచనాలకి మందు లేనప్పుడు పొయ్యిలో బొగ్గు మెత్తగా నూరి మింగించారు.

తర్వాత బెరిబెరి. పాలిష్ పట్టిన తెల్లబియ్యమే నెలల తరబడి తింటే బి1 విటమిన్ అందక కాళ్ళు తిమ్మిర్లు మొదలవుతాయి, ఆ తర్వాత వాపు, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది, నీరు పైకెక్కి గుండె దాకా వస్తే మనిషి పోతాడు. దీనికి మందు పశువులకి పెట్టే తవుడు! గొంతు దిగదు, అయినా అన్నంలో కలిపి దగ్గరుండి తినిపించారు. పెసల్లాంటివి దొరికితే ముందు రోగులకే. సింగపూర్‌లో చాంగీ క్యాంపులో అయితే ఈస్ట్ పెంచారు, గడ్డి కోసి రసం తీసి తాగించారు. రుచి సంగతి ఎత్తకండి, ఏది దొరికితే అది, పచ్చగా ఉండి విషం కాదని తేలిన ప్రతిదీ కడుపులోకి వెళ్ళాలి, తెలియని ఆకు మాత్రం ముందు ఒకళ్ళు కొంచెం తిని చూశాకే.

చిన్న గీత పడ్డా వదిలెయ్యొద్దు. వెదురు గీసుకుపోయిన చోట పుండు పట్టి వారంలో ఎముక కనబడేంత లోతుకి వెళ్ళేది, కుళ్ళిన మాంసాన్ని మత్తుమందు లేకుండా చెంచాతో గీకేవాళ్ళు, కొన్నిసార్లు పురుగుల్ని వదిలి కుళ్ళు తినిపించేవాళ్ళు, అదీ కుదరకపోతే కాలు తీసెయ్యడమే. అందుకే బూట్లు అన్నాను. చలి దేశాల క్యాంపుల్లో అయితే పేలు, టైఫస్ జ్వరం వాటితోనే పాకుతుంది, రోజూ చొక్కా విప్పి కుట్లలో దాక్కున్న పేలు ఏరి చంపడం ముఖం కడుక్కున్నంత మామూలు పనిగా పెట్టుకోవాలి, ఎవడు మానేశాడో పక్కవాడు కనిపెట్టి చెప్పాలి.

తిండి పంపకంలో గొడవలొస్తే క్యాంపు కుప్పకూలుతుంది. బ్రెడ్ కోసేవాడే ఆఖరి ముక్క తీసుకోవాలి, అప్పుడు గీత గీసినట్టు సమానంగా కోస్తాడు. సిగరెట్ల సంగతి వేరే చెప్పాలి, యూరప్ క్యాంపుల్లో సిగరెట్టే కరెన్సీ, రెడ్‌క్రాస్ పార్సిళ్ళు వస్తే ధరలు ఒకలా, రాకపోతే ఇంకోలా, ఉర్దూ వచ్చిన ఒకాయన అయితే మన సిక్కు సైనికుల దగ్గర మాంసం డబ్బాలు తీసుకుని వాళ్ళకి వెన్న, జామ్ ఇచ్చి మధ్యలో బాగానే మిగుల్చుకున్నాడు. అదంతా తిండి కాస్త ఉన్నచోట. జపాన్ క్యాంపుల్లో మాత్రం సిగరెట్ కోసం తన వాటా అన్నం అమ్ముకున్నవాడు ఎన్నాళ్ళో ఉండేవాడు కాదు. సిగరెట్ అలవాటుంటే మీ తిండికి కాపలా ఉండమని ఫ్రెండ్‌కి ముందే చెప్పిపెట్టుకోండి.

రైల్వే క్యాంపుల్లో ఆఫీసర్లకి కొంచెం జీతం ఇచ్చేవాళ్ళు, ఆస్ట్రేలియన్ సర్జన్ వీరీ డన్‌లప్ ఉన్నచోట అందులో భాగం తప్పనిసరిగా వసూలు చేసి రోగులకి బాతుగుడ్లు కొనిపెట్టారు, కొందరు గొణిగారు కూడా. గొణిగినా ఇచ్చారు, దాంతో జనం బతికారు.

బుర్ర పాడవకుండా ఉండాలంటే

ఇంటికి ఎప్పుడు వెళ్తామనే తేదీ పెట్టుకోవద్దు. క్రిస్మస్‌కి వెళ్ళిపోతాం, అది దాటితే ఈస్టర్‌కి వెళ్ళిపోతాం అనుకుంటూ పోయినవాళ్ళు ఆ పండగలన్నీ దాటిపోయాక గుండె పగిలి పోయారని స్టాక్‌డేల్ తర్వాత చెప్పాడు. ఏదో ఒకరోజు బయటికెళ్తాననే నమ్మకం ఉండాలి, ఇవాళ మాత్రం ఇక్కడే ఉన్నానని ఒప్పుకోవాలి, రెండూ కలిపి. ఎందుకంటే తేదీ ఎవరి చేతిలోనూ ఉండదు. 1999 కార్గిల్ టైంలో ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత మే 27న పట్టుబడి జూన్ 3కి వచ్చేశాడు, 1962లో చైనాకి చిక్కిన మనవాళ్ళు దాదాపు 3,900 మందిలో చాలామంది 1963 ఏప్రిల్, మే నెలల్లో గానీ రాలేదు, 1971లో మనకి లొంగిపోయిన 93 వేల మంది చివరి బ్యాచ్ ఇంటికెళ్ళేసరికి 1974 ఏప్రిల్ అయింది, హనోయ్‌లో అమెరికన్ పైలట్ ఎవరెట్ అల్వరెజ్ ఎనిమిదేళ్ళ పైన ఉన్నాడు, సోవియట్ చేతిలో ఉన్న చివరి జర్మన్ ఖైదీలైతే యుద్ధం ముగిసిన పదేళ్ళకి ఇంటి మొహం చూశారు.

కొరియా యుద్ధంలో అమెరికన్ ఖైదీల్లో ఒక వింత చావు కనబడింది. ఏ పెద్ద జబ్బూ ఉండదు, కుర్రాడు తినడం మానేసి దుప్పటి ముసుగేసుకుని గోడ వైపు తిరిగి పడుకుంటాడు, రెండు మూడు రోజుల్లో పోతాడు. తోటివాళ్ళు కనిపెట్టిన వైద్యం ఏంటంటే వాణ్ణి లేపి నిలబెట్టడం, బలవంతంగా నడిపించడం, బుజ్జగిస్తే లేవకపోతే తిట్టి, రెచ్చగొట్టి, కోపంతో మన మీదకి కొట్టడానికి వచ్చేలా చెయ్యడం. కోపం వచ్చిందంటే బతికినట్టే. ముసుగు తన్నిన మనిషిని పోనీలే పాపం పడుకోనీ అని వదలొద్దు.

మాట్లాడనివ్వకపోతే గోడ మీద కొట్టండి. హనోయ్ కోడ్ చాలా సింపుల్, 1965లో కార్లైల్ హారిస్ అనే పైలట్ ట్రైనింగ్‌లో ఎప్పుడో విన్నది గుర్తుచేసుకుని మిగతావాళ్ళకి నేర్పాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో కే తీసేసి మిగిలిన 25నీ ఐదు వరసలుగా, వరసకి ఐదు చొప్పున పేర్చాలి. మొదటి వరస ఏ నుంచి ఈ, రెండోది ఎఫ్ నుంచి జే, మూడోది ఎల్ నుంచి పీ, నాలుగోది క్యూ నుంచి యూ, ఐదోది వీ నుంచి జెడ్. ముందు వరస నంబరు కొట్టాలి, చిన్న గ్యాప్ ఇచ్చి ఆ వరసలో ఎన్నో అక్షరమో కొట్టాలి. బీ కావాలంటే ఒకటి, ఆగి రెండు. యూ కావాలంటే నాలుగు, ఆగి ఐదు. కే అవసరమైతే సీ వాడుకోవడమే. రోజూ పడుకునే ముందు జీ బీ యూ అని కొట్టుకునేవాళ్ళు, దేవుడు నిన్ను చల్లగా చూడాలి అని దానర్థం. గోడ లేకపోతే దగ్గుతో, చీపురు ఊడ్చే చప్పుడుతో కూడా ఇదే కోడ్ నడిచింది. గోడ అవతల ఉన్నది మనవాడా, గార్డా అని తేల్చుకోడానికి అమెరికన్లందరికీ చిన్నప్పట్నుంచీ తెలిసిన ఒక దరువులో ఐదు దెబ్బలు కొట్టేవాళ్ళు, మనవాడైతే మిగిలిన రెండూ కొట్టి పూర్తిచేస్తాడు. (మన లిపికి ఈ కోడ్ కుదరదు లెండి, ఒత్తులూ గుణింతాలూ కొట్టేసరికి తెల్లారిపోతుంది, తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోవాలి.)

ఈ గోడల మీదే కవితలు, ఫ్రెంచ్ పాఠాలు, లెక్కలు అన్నీ నడిచాయి. చాంగీలో ఏకంగా క్లాసులు పెట్టారు. ఒంటరి సెల్‌లో ఉన్నవాడు మనసులోనే ఇటుక ఇటుకా ఇల్లు కట్టుకోవడం, చదివిన పుస్తకం మొదట్నుంచీ గుర్తుచేసుకోవడం, సెల్‌లోనే అటూ ఇటూ అడుగులు లెక్కపెట్టి నడవడం, ఏదో ఒకటి టైం ప్రకారం చెయ్యాలి. ఆకలితో ఉన్నవాళ్ళు రోజంతా వంటల గురించే మాట్లాడుకుంటారు, అది చాలా క్యాంపుల్లో జరిగింది, నాకైతే అందులో తప్పేమీ కనబడదు, కొందరు మాత్రం అది ఆకలిని ఇంకా పెంచుతుందని ఆపేయించేవారు.

పేర్లు బట్టీ పట్టండి. డగ్లస్ హెగ్డాల్ అనే కుర్ర నావికుడు గార్డుల ముందు వట్టి అమాయకుడిలా నటిస్తూ 256 మంది తోటి ఖైదీల పేర్లు ఒక పిల్లల పాట ట్యూన్‌లో బట్టీ పట్టాడు, 1969లో విడుదలై వచ్చి అన్నీ అప్పజెప్పాడు, బతికే ఉన్నారని అప్పటిదాకా తెలియనివాళ్ళ సంగతి కూడా అలా బయటపడింది. అంతకు వందేళ్ళ ముందు అమెరికా సివిల్ వార్‌లో ఆండర్సన్‌విల్ క్యాంపులో డోరెన్స్ అట్‌వాటర్ చచ్చిపోయినవాళ్ళ లిస్టు రాసే గుమాస్తా పనిలో ఉంటూ రహస్యంగా ఇంకో కాపీ రాసుకున్నాడు, అక్కడి దాదాపు 13 వేల సమాధుల మీద పేర్లుండటానికి అదే కారణం.

పారిపోవడం గురించి

తక్కువే చెప్తా. పారిపోతే జెనీవా ఒప్పందం ప్రకారం అది క్రమశిక్షణ తప్పు మాత్రమే, దొరికితే 30 రోజులకి మించి శిక్ష వెయ్యకూడదు. కాగితం మీద అంతే. 1944 మార్చిలో స్టాలాగ్ లుఫ్ట్ 3 అనే జర్మన్ క్యాంపు నుంచి సొరంగం తవ్వి 76 మంది బయటపడితే 73 మంది దొరికారు, ముగ్గురే పూర్తిగా తప్పించుకున్నారు, దొరికినవాళ్ళలో 50 మందిని కాల్చి చంపారు. అప్పటికి ఒప్పందం ఉంది, 1929 నాటిది.

మనవాళ్ళ ప్రయత్నం ఒకటుంది, 1972 ఆగస్టు 13న ఫ్లైట్ లెఫ్టినెంట్ దిలీప్ పారూల్కర్, గ్రేవాల్, హరీష్ సిన్హ్‌జీ రావల్పిండి క్యాంపు గోడకి కన్నం వేసి బయటపడ్డారు, అఫ్గాన్ బోర్డర్ దగ్గర లండీ కోటల్ దాకా వెళ్ళిపోయారు, ఇంకొద్ది మైళ్ళే. అక్కడ పాత మ్యాప్‌లో చూసిన లండీ ఖానా స్టేషన్‌కి దారి అడిగారు, ఆ స్టేషన్ ఎప్పుడో మూతపడింది, అడిగినవాళ్ళకి అనుమానం వచ్చి పట్టుకున్నారు. ధైర్యంలో, ప్లానింగ్‌లో లోటేమీ లేదు, తేలిపోయింది మ్యాపు దగ్గర. కాబట్టి ఒంట్లో శక్తి ఉన్న మొదటి రోజుల్లో ఛాన్స్ వస్తే చూడండి, క్యాంపులో స్థిరపడ్డాక మాత్రం సీనియర్లకి చెప్పకుండా ఒక్కడూ కదలొద్దు, మీరు వెళ్ళాక తన్నులు తినేది మిగతావాళ్ళు.

ఇంట్లోవాళ్ళు చెయ్యాల్సింది

మీడియా ఫోన్ చేస్తే మాట్లాడొద్దు. లోపల ఆయన నోరు కట్టుకుని కూర్చుంటే బయట మనం చదువు, ఊరు, నాన్న ఉద్యోగం, ఏ స్క్వాడ్రన్ అన్నీ టీవీలో చెప్పేస్తాం, 2019లో దేశమంతా చేసింది అదే. రికార్డ్ ఆఫీసుకీ, రెడ్‌క్రాస్‌కీ రాతపూర్వకంగా వివరాలివ్వండి, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి ఢిల్లీలో ఆఫీసుంది. ఉత్తరాలు చిన్నగా రాయండి, పిల్లాడు నడుస్తున్నాడు, అమ్మ కాలు తగ్గింది ఇలాంటివి, అన్నీ శత్రువు సెన్సార్ చదువుతాడని గుర్తుంచుకుని. ఒకదానికి జవాబు రాకపోయినా రాస్తూనే ఉండండి, పది పంపితే ఒకటి చేరుతుంది.

అయితే నెలలు గడిచినా ఖైదీగా ఉన్నాడనే విషయమే అవతలి దేశం ఒప్పుకోకపోతే అప్పుడు నోరు మూసుకుని కూర్చోకూడదు. స్టాక్‌డేల్ భార్య సిబిల్, గవర్నమెంట్ సైలెంట్‌గా ఉండమన్నా వినకుండా మిగతా కుటుంబాల్ని కూడగట్టి గొడవ చేశాకే ఆ ఖైదీల సంగతి ప్రపంచానికి తెలిసింది. 1971 తర్వాత తిరిగి రాని మన 54 మంది కుటుంబాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి.

విడుదలయ్యాక

మొదటి డేంజర్ భోజనం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, నెలల తరబడి మాడిన ఒంటికి ఒక్కసారిగా కడుపు నిండా పెడితే రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగిపోవచ్చు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక విడుదలైన ఖైదీల్లో ఇలా పోయినవాళ్ళున్నారు. కొంచెం కొంచెం, రోజుకి చాలాసార్లు, డాక్టర్ చెప్పినట్టు, బి1 విటమిన్ ముందే ఇచ్చి. ప్రేమ కొద్దీ ఇంట్లోవాళ్ళు చేసే తప్పు ఇదే.

రెండోది ప్రశ్నలు. ఇంటికి పంపే ముందు మెడికల్ చెకప్, ఆ తర్వాత సొంతవాళ్ళే కూర్చోబెట్టి ఏం చెప్పావు, ఏం చెప్పలేదు అని అడుగుతారు, అది అవమానంగా తీసుకోకండి, ప్రతి సైన్యంలోనూ ఉండేదే. గుర్తున్న పేర్లన్నీ, ఎవరు ఎక్కడ చివరిసారి కనబడ్డారో ఆ వారంలోనే రాయించండి, నెల దాటితే కలిసిపోతాయి.

ఇంట్లో ఆయన దిండు కింద రొట్టె దాచుకుంటే, తలుపు వేస్తే ఉలిక్కిపడితే, నిద్రలో అరిస్తే, ఎందుకలా అని నిలదీయకండి, అలాగే ఏమీ కానట్టు నటించనూ వద్దు. క్యాంపులో తనతో ఉన్నవాళ్ళతో మాట్లాడనివ్వండి, భార్యకి చెప్పలేనివి వాళ్ళకి చెప్పుకుంటారు. సైకియాట్రిస్ట్ దగ్గరికి కూడా తీసుకెళ్ళండి, ఏళ్ళ తర్వాత బయటపడేవి కూడా ఉంటాయి.

ఒంటి సంగతి కూడా అంతే. బర్మా రైల్వే నుంచి వచ్చిన బ్రిటిష్ సైనికుల్లో కొందరికి అక్కడ మట్టిలోంచి కాళ్ళ ద్వారా ఎక్కిన స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు నలభై, యాభై ఏళ్ళ తర్వాత కూడా కడుపులో బతికే ఉందని లివర్‌పూల్ డాక్టర్లు కనిపెట్టారు. మామూలుగా అది దురదతో ఊరుకుంటుంది, కానీ వేరే జబ్బుకి స్టెరాయిడ్లు వాడితే ఒళ్ళంతా పాకి ప్రాణం మీదకి వస్తుంది. అందుకే వేడి దేశాల క్యాంపుల్లో ఉండొచ్చినవాళ్ళు ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా ఆ సంగతి ముందే చెప్పి, స్టెరాయిడ్ మొదలుపెట్టేముందు ఈ పురుగుకి రక్తపరీక్ష చెయ్యమని అడగాలి.